చిన్న కేసు

కంప్యూటర్ సామానంతా లోపల పెట్టి బిగించే రేకు డబ్బాను మా ప్రాంతంలో అందరూ కేబినెట్ అంటారు. అమ్మేవాళ్ళూ అదే అంటారు, రిపేరు చేసేవాళ్ళూ అదే అంటారు. ఏమీ తెలియనివాళ్ళు సీపీయూ అనేసి ఊరుకుంటారు. వాళ్ళ మాటల వల్ల ఎవరికీ ఏ నష్టమూ జరగలేదు. నేనొక్కణ్ణే దాన్ని కేస్ అన్నాను. హిందూపురం ఇంటర్నెట్ సెంటర్లో గంటలకొద్దీ కూర్చుని, పై దేశాలవాళ్ళు రాసుకున్న పేజీలు చదివి నేర్చుకున్న మాట అది. వాళ్ళు కేస్ అంటున్నారు గనుక కేబినెట్ అనేది మోటు మాట అని నాకు నేనే తీర్మానించుకున్నాను. షాపులో ఎవరైనా కేబినెట్ అంటే, "కేస్ అనాలప్పా" అని దిద్దేవాణ్ణి కూడా. ఇప్పుడు నేనూ కేబినెట్ అనే అంటాను. ఆ దిద్దుబాట్లు గుర్తొస్తే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

రెండువేలు దాటిన ఏడెనిమిదేళ్ళ నాటి సంగతి. మడకశిరలో నాకొక ఫోటో స్టూడియో ఉండేది. స్టూడియో అంటే ముందు ఒక బల్ల, వెనక ఒక నీలం తెర, పైన రేకులు. ఇల్లు మాత్రం అక్కడికి దగ్గర్లోని మా పల్లెలోనే, అమ్మా నాయనలతో కలిసి. పెళ్ళిళ్ళకూ పుట్టువెంట్రుకలకూ ఫోటోలు తీసి, సీడీలలోకి ఎక్కించి, సీడీలను అట్టపెట్టెలో పేర్చేవాణ్ణి. ఎండాకాలం ఆ రేకుల కింద సీడీలు పొర లేచి పొట్టు రాలేవి.

పెళ్ళివాళ్ళకు ఆ సీడీలతో పని లేదు, వాళ్ళ ఆల్బం వాళ్ళ దగ్గర ఉంటుంది. పని పడేది చావు జరిగిన ఇళ్ళవాళ్ళకు. ఇంట్లో పెద్దతలకాయ పోతే గోడకు పటం కట్టించాలి గదా. పోయినావిడ బతికున్నన్నాళ్ళూ ఫోటో దిగి ఉండదు. అప్పుడెవరికో గుర్తొస్తుంది, ఫలానావాళ్ళ పెళ్ళిలో ఆమె బంతిలో కూర్చుని అన్నం తిన్నదని. "అన్నా, ఆ పెండ్లి ఫోటోల్లో మాయమ్మ యాడన్నా ఉంటుందేమో చూడన్నా," అని వస్తారు. వెనక వరసలో, ఎవరి భుజం పక్కనో, విస్తరి మీదికి వంగిన ముఖాన్ని వెతికి, కత్తిరించి, పెద్దది చేసి ఇచ్చేవాణ్ణి. అట్లా వచ్చిన ఒకతనికి సీడీ తెరుచుకోలేదు. ఎన్నిసార్లు పెట్టినా కరకరమని శబ్దం తప్ప ఏమీ రాలేదు. అతను "పోన్లే అన్నా," అని లేచి వెళ్ళాడు. ఆ రోజే అనుకున్నాను, తీసిన ఫోటోలన్నీ ఒకేచోట, చెడకుండా, నాలుగు హార్డ్ డిస్కుల్లో దాచే పెట్టె ఒకటి ఇంట్లో పెట్టుకోవాలని.

ఇంట్లోనే ఎందుకంటే మాది బండల మిద్దె, మట్టిగోడలు. బయట ఎంత కాలినా లోపల చల్లగా ఉంటుంది. ఆ గోడలో ఒక గూడు ఉంది. కరెంటు రాకముందు బుడ్డీ పెట్టేవాళ్ళట, ఆ మసి ఇంకా పైన నల్లగా ఉంటుంది. ఎలుకకూ కోడికీ అందదు, ఎర్రమట్టి దుమ్ము తక్కువ పడుతుంది. పెట్టె ఆ గూట్లో పట్టాలి. వెనక తీగలకూ గాలికీ కాస్త చోటుండాలి. దొరికేవన్నీ చూస్తే మోకాలెత్తున ఉన్నాయి. అందుకే చిన్న కేస్ కోసం మూడు నెలలు తిరిగాను.

ఒకటి పడుకోబెట్టే రకం, పాత వీడియో ప్లేయర్ లాంటిది. పొడవు ఎక్కువై గూట్లోంచి బయటికి పొడుచుకొస్తుంది. ఇంకొకటి సన్నంగా నిలబడేది, చూడ్డానికి ముద్దుగా ఉంది గానీ రెండు డిస్కులకు మించి పట్టదు. మూడోది నలుచదరంగా, బియ్యం కొలిచే పెద్ద డబ్బా అంత. నాలుగు డిస్కులూ పక్కపక్కన నిలబడతాయి, ముందు పెద్ద ఫ్యాన్ నెమ్మదిగా తిరుగుతుంది గనుక చప్పుడు ఉండదు. దాని కొలతలు రాసుకొచ్చి, అట్టతో అంత పెట్టె చేసి, గూట్లో పెట్టి చూసేవాణ్ణి. తీసేవాణ్ణి. మళ్ళీ పెట్టేవాణ్ణి. నాయన అరుగు మీద కూర్చుని ఇదంతా చూస్తూ ఉండేవాడు. కొలిచే టేపు దొరకక నేను తంటాలు పడుతుంటే ఒకరోజు లేచి వచ్చి, గూట్లో తన చెయ్యి చాచి పెట్టి, "జానా నాలుగు వేళ్ళు," అని చెప్పి వెళ్ళాడు. ఎందుకని అడగలేదు. నేనూ చెప్పలేదు. చెప్పినా ఆయనకేం తెలుస్తుందిలే అనుకున్నాను. నా సిగ్గుకు మొదటి రాయి పడింది అక్కడే.

మా ఊళ్ళో ఫోనుకు సిగ్నల్ మిద్దె మీద తప్ప దొరికేది కాదు. అది కూడా నైరుతి మూలన నిలబడి, గొంతు చించుకుని అరిస్తేనే. బెంగళూరులో కంప్యూటర్ సామాన్ల అంగడిలో పనిచేసే స్నేహితుడొకడు ఉండేవాడు, మా వైపువాడే. వాడికి ఒక సాయంత్రం ఫోన్ చేశాను. వాడి మాటలు నాకు మాత్రమే వినిపించాయి. నా మాటలు వీధంతా విన్నది.

"ఏమప్పా, నా కేస్ సంగతి ఏమాయె? మూడు నెలల నుంచి ఈ కేస్ మీదే తిరుగుతాండా. చిన్నదే ఉండాల, పెద్ద కేస్ అయితే నేను తట్టుకోలేను. నాలుగూ లోపల ఉండాల. గాలి ఆడాల, లేకుంటే లోపలే చచ్చిపోతాయి. చప్పుడు గాకూడదు. ఇంట్లోవాళ్ళకు ఉండేదే తెలీకూడదు. పవర్ ల్యాకుండా ఒట్టి కేస్ పెట్టుకోని నేనేమి చేసుకునేది? పవర్ యాడ తెచ్చేది నేను?"

పవర్ అంటే పవర్ సప్లై, డబ్బాలో కరెంటును పంచిపెట్టే చిన్న పెట్టె. కొన్ని డబ్బాలతో వస్తుంది, కొన్నిటితో రాదు. నా నోట్లో కేస్ అని బయల్దేరిన మాట మిద్దె దిగి వీధిలో పడేసరికి కేసు అయింది. మా సీమలో ఆ మాటకు ఒకటే అర్థం. పోలీసులు పెట్టేదే కేసు, కోర్టుకు తిప్పేదే కేసు. పవర్ అన్న మాటకూ అంతే, మనిషికి ఉండే పలుకుబడే పవర్. టీ అంగడి దగ్గరికి పోయేసరికి నలుగురు లోపలున్నారట, వీడొక్కడు బయట తిరుగుతున్నాడట అని తయారైంది. ఇదంతా నాకు తర్వాత తెలిసింది.

మర్నాడు సంగటి తింటున్నప్పుడు నాయన అడిగాడు. ఎప్పుడూ నా పని గురించి ఒక్క మాట అడగని మనిషి.

"ఆ కేసు చిన్నదేనా?"

నాకు ఆనందం పట్టలేదు. మా నాయన నా పెట్టె గురించి అడుగుతున్నాడు అనుకున్నాను. "చిన్నదే నాయనా," అన్నాను.

"మరి పవరు?"

"అదే చిక్కు. తెలిసినోళ్ళు ఉంటే దొరుకుతాది."

ఆయన తల ఊపి, చెయ్యి కడుక్కుని లేచాడు. ముద్ద సగం అట్లాగే ఉంది. నేను దాన్నీ పట్టించుకోలేదు. నా గూడు, నా అట్టపెట్టె, నా నాలుగు డిస్కులు, వీటి లోకంలో ఉన్నాను.

ఇక్కడ ఒక ఇంటి గురించి చెప్పాలి. మా ఊళ్ళో ఇనుప గేటున్న ఇల్లు ఒక్కటే. ఆ ఇంటినీ ఆ ఇంటాయననూ కలిపి గేటు అనే అనేవాళ్ళం. ఊళ్ళో ఎవరికి ఏం కావాలన్నా గేటు కాడికి పోవాల్సిందే. పోయినవాళ్ళు చెప్పులు లోపల వాకిట్లో కాదు, గేటు బయట రోడ్డు మీద విడిచిపోవాలి. ఎవరూ రాసిపెట్టిన రూలు కాదు, అయినా అందరూ విడిచేవాళ్ళు. ఒక కరువు ఏడాది పశువుల గడ్డి పంచినప్పుడు మా పేరు ఎగిరిపోయింది. గేటు కాడికి పోయి ఒక మాట చెప్పుకుంటే సరిపోతుందని అందరూ చెప్పారు. నాయన పోలేదు. "నా చెప్పులు ఆడ విడిచేది లేదు," అన్నాడు. కాడెద్దులను అమ్మేశాడు. ఆ తర్వాత ఎన్ని కరువులొచ్చినా ఆ గేటు ముందు నుంచి తలెత్తుకునే నడిచేవాడు. ఆయనకున్న ఆస్తి అంతే అని నాకు తెలుసు. మా ఇంట్లో అందరికీ తెలుసు.

వారం తిరిగేసరికి బెంగళూరు పోయి ఆ నలుచదరం కేస్ కొన్నాను. పవర్ సప్లై కూడా స్నేహితుడే వెతికిపెట్టాడు. బస్సులో అట్టపెట్టెను ఒళ్ళో పెట్టుకుని, గతుకుల్లో దానికి దెబ్బ తగలకుండా రెండు చేతులా పట్టుకుని వచ్చాను. బస్సు దిగి ఇంటికి పోవాలంటే గేటు ముందు నుంచే పోవాలి.

గేటు బయట నాలుగైదు జతల చెప్పులున్నాయి. మామూలే అనుకుని దాటబోయి ఆగిపోయాను. ఒక జత టైరు చెప్పులు. ఎడమదానికి పట్టీ తెగితే కరెంటు తీగతో కట్టి ఉంది. ఆ తీగ నా స్టూడియోలోదే, ఎర్రది. కట్టింది నేనే.

మొదట నమ్మలేదు. అట్లాంటి చెప్పులు ఇంకెవరికో ఉంటాయిలే అనుకున్నాను. ఇంతలో గేటు చిన్న తలుపు తెరుచుకుని నాయన బయటికి వచ్చాడు. వట్టి కాళ్ళు. నెత్తిన ఎప్పుడూ ఉండే తువ్వాలు చేతిలో ఉంది. నన్ను చూశాడు. నేను చూడకూడనిది చూశానని ఇద్దరికీ తెలిసింది. చెప్పుల్లో కాళ్ళు దూర్చడానికి ఆయనకు చాలాసేపు పట్టింది, ఆ తీగ ఎప్పుడూ అడ్డం పడేది.

"వచ్చితివా," అన్నాడు.

"వచ్చినా నాయనా. ఏమి ఈడ?"

"ఏమీ ల్యా. ఒక మాట ఉండి వచ్చినా." నా చేతుల్లోని అట్టపెట్టె చూశాడు. "ఏమది?"

"కంప్యూటర్ పెట్టె."

"బరువుగా ఉండేట్టుండాదే. ఇట్ల తే." తువ్వాలు చుట్ట చుట్టి నెత్తిన పెట్టుకుని, దాని మీద నా పెట్టె ఎత్తుకుని ఇంటిదాకా నా ముందు నడిచాడు. విత్తనం శనక్కాయల కోసం పోయుంటాడు అనుకున్నాను. పాపం, ఈసారి తట్టుకోలేకపోయాడు అని జాలిపడ్డాను కూడా.

సంగతి అమ్మ చెప్పింది. నాయన గొర్రెల దగ్గరికి పోయాక నా పక్కన వచ్చి కూర్చుని, చేతులు పట్టుకుంది.

"ఇంక భయం ల్యాదు నాయనా. గేటాయన పోలీసోళ్ళతో మాట్లాడినాడంట. కేసు కొట్టేయిస్తా అన్నాడంట. ఆ నలుగురితో తిరగడం మానుకో, అంతే."

"ఏ కేసు? ఏ నలుగురు?"

"మిద్దె మీద నిలబడి నువ్వే గదరా అరిస్తివి. చిన్న కేసే అని మీ నాయనకు నువ్వే చెప్తివంట. పవరుండేవాళ్ళు తెలిసుంటే ముగుస్తాదని చెప్తివంట."

అట్టపెట్టె అప్పటికి సగం విప్పి ఉంది. లోపల నుంచి నల్లటి రేకు కొద్దిగా కనిపిస్తోంది. అమ్మకు దాన్ని చూపించి, కేసంటే ఇదీ అని చెప్పాను. అమ్మ దాన్ని తిప్పి తిప్పి చూసింది. నవ్వుతుందేమో అనుకున్నాను. నవ్వితే బాగుండునని కోరుకున్నాను. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

"ఎద్దుల కోసం పోని మనిషి," అంది. "నీకేమన్నా అయితాదని పోయినాడు. ఈ డబ్బా కోసమని తెలిస్తే ఆయన బతకడు. ఊళ్ళో తెలిస్తే నవ్వుతారు. చెప్పొద్దు నాయనా, నీకు దండం పెడతా."

చెప్పలేదు. అమ్మ వద్దన్నదని చెప్పలేదు అని చాలా ఏళ్ళు నాకు నేనే సర్దిచెప్పుకున్నాను గానీ, అది పూర్తిగా నిజం కాదు. చెప్పడానికి నాకు ముఖం చెల్లలేదు. నేను ఏదో పాడు పని చేశానని ఆయన నమ్మాడు, నమ్మి కూడా నన్నొక్క మాట అనలేదు, గద్దించలేదు, నేరుగా పోయి చెప్పులు విడిచాడు. ఇంతకన్నా నన్ను నాలుగు తన్ని ఉంటే బాగుండేది.

రెండురోజుల్లో గేటు నుంచి మనిషి వచ్చి, కేసు లేకుండా చేశామని చెప్పిపోయాడు. లేని కేసును లేకుండా చేయడం అంత సులువైన పని ఇంకోటి ఉండదు. అయినా ఆ మేలు మా నెత్తిన కూర్చుంది. ఎలక్షన్లు వచ్చినప్పుడు గేటాయన జీపు వెనక ఊరేగింపులో నాయన నడిచాడు. మెడలో వాళ్ళ రంగు కండువా. ఆ ఊరేగింపు ఫోటోలు తీయడానికి పిలిచింది నన్నే. కెమెరాలోంచి చూస్తుంటే వరసలో ఆయన వచ్చాడు. అరిచేవాళ్ళ మధ్య నోరు మూసుకుని నడుస్తున్నాడు. నన్ను చూసి ముఖం పక్కకు తిప్పుకున్నాడు. నేను కెమెరా దించేసి, కంట్లో దుమ్ము పడినట్టు తుడుచుకుంటూ నిలబడ్డాను. నా ఎదురుగా నడిచిపోతున్నది నా మాట చేసిన పని, దాన్ని ఆపగలిగిన మాట కూడా నా దగ్గరే ఉంది.

పెట్టె మాత్రం గూట్లో చక్కగా అమరింది. అమ్మ పాత వాయిల్ చీర ముక్క ఫ్యాన్‌కు అడ్డం కట్టి దుమ్ము లోపలికి పోకుండా చేశాను. నాలుగు డిస్కులూ తిరుగుతుండేవి, ఉన్నట్టే తెలిసేది కాదు. పటాల కోసం వచ్చినవాళ్ళెవరూ ఆ తర్వాత వట్టి చేతులతో పోలేదు. దాన్ని ఎవరైనా మెచ్చుకుంటే మాట మార్చేసేవాణ్ణి.

ఏడాదో ఏడాదిన్నరో గడిచింది. బెంగళూరు స్నేహితుడు సొంతూరికి వచ్చి, ఒక పాత డిస్క్ మార్చిపెడతానని మా ఇంటికి వచ్చాడు. నాయన గడప దగ్గర కూర్చుని విత్తనానికి శనక్కాయలు ఒలుస్తున్నాడు. వాడు గూడు ముందు నిలబడి చప్పట్లు కొట్టినంత పని చేశాడు.

"బలే కూకునిందప్పా కేస్! చిన్న కేస్ అంటే ఇదీ. మూడు నెలలు నా ప్రాణం తీస్తివి గదా దీని కోసం. పవర్ ఏమన్నా ఇబ్బంది పెట్టిందా?"

కాయలు పగిలే చప్పుడు ఆగిపోయింది. నేను గడప వైపు తిరిగి చూడలేదు. స్నేహితుడు ఏదో మాట్లాడుతూనే ఉన్నాడు, డిస్క్ మార్చాడు, కాఫీ తాగాడు, బస్సుకు టైమయిందని వెళ్ళాడు. అంతసేపూ గడప దగ్గర ఒక్క కాయ కూడా పగల్లేదు.

వాడు పోయాక నాయన లేచి గూడు దగ్గరికి వచ్చాడు. చేతికంటిన పొట్టు పంచెకు తుడుచుకున్నాడు. చెయ్యి చాచి పెట్టె మీద పెట్టాడు, ఆనాడు గూడు కొలిచినట్టే. వేళ్ళు ఈ కొస నుంచి ఆ కొసకు సరిపోయాయి.

"ఇదేనా?"

"ఇదే నాయనా."

"చిన్నదే," అన్నాడు.

నేను తలెత్తలేదు. ఏదైనా అంటాడేమో, ఒక్క తిట్టు తిడతాడేమో అని ఎదురుచూశాను.

"మరి పవరు?"

"లోపలే ఉండాది. ఎనకపక్క." వేలితో చూపించాను.

ఆయన వంగి, గూట్లోకి తొంగి, వెనక తిరుగుతున్న చిన్న ఫ్యాన్‌ను కాసేపు చూశాడు.

"నేను గూడ ఒగ పవరు తెస్తి," అన్నాడు.

అని, వాకిట్లో విడిచిన టైరు చెప్పులు తొడుక్కుని గొర్రెల దగ్గరికి వెళ్ళిపోయాడు.